దెయ్యం పట్టిన వస్తువుల మ్యూజియాలు

పీడ పట్టిందని, శాపం తగిలిందని, దెయ్యం కాపురముందని పేరుపడ్డ వస్తువులను సేకరించి టికెట్టు పెట్టి చూపించే ప్రదర్శనశాలలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. చావును, నేరాన్ని, శరీర వైపరీత్యాలను గుర్తుచేసే వింతలూ వాటిలో కలిసే ఉంటాయి. బొమ్మలు, కుర్చీలు, అద్దాలు, పెట్టెలు, మమ్మీలు, పుర్రెలు, సీసాల్లో నిలవచేసిన అవయవాలు వీటి సరుకు. అమెరికాలో లాస్ వేగస్‌లోని హాంటెడ్ మ్యూజియం, కనెక్టికట్ రాష్ట్రంలో వారెన్ దంపతులు నడిపిన ఆకల్ట్ మ్యూజియం, ఇంగ్లండ్‌లో బాస్‌కాసిల్ ఊళ్లోని మంత్రవిద్యల మ్యూజియం, ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ వైద్య మ్యూజియం వీటిలో పేరుమోసినవి.

వీటిని రెండు తెగలుగా చూడొచ్చు. మొదటి తెగలో వస్తువు మామూలుదే. దాని పక్కనున్న కథ భయపెడుతుంది. రెండో తెగకు కథతో పని లేదు. అక్కడున్నవి ఒకప్పుడు బతికిన మనుషుల ఎముకలు, చర్మం, మెదళ్లు. కథ నిజమేనా అన్నది మొదటి చోట తేలాల్సిన సంగతి. ఇలా చూపించడానికి ఒప్పుకున్నది ఎవరన్నది రెండో చోట తేలాల్సింది.

వింతల గదుల నుంచి టికెట్టు కిటికీ దాకా

16, 17 శతాబ్దాల్లో ఐరోపా రాజులు, వైద్యులు, వర్తకులు ఇళ్లలో వింతల గదులు పెట్టుకునేవారు. ఎండిన మొసలి, సముద్రపు గవ్వలు, పాత నాణేలు, ఒంటికొమ్ము గుర్రానిదని చెప్పే కొమ్ము అన్నీ ఒకే గదిలో కొలువుదీరేవి. డెన్మార్క్ వైద్యుడు ఓలే వోర్మ్ సేకరణకు వాటిలో గొప్ప పేరుండేది. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1655లో, ఆ వస్తువుల వివరాలతో గ్రంథం అచ్చయింది. మహారాజులు సైతం ఎగబడి కొంటున్న ఆ ఒంటికొమ్ము నిజానికి ఉత్తర సముద్రాల్లో తిరిగే నార్వాల్ తిమింగలం దంతమని చాటి చెప్పినవాడూ ఆయనే.

రష్యా చక్రవర్తి పీటర్ 1714లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కున్‌స్ట్‌కామెరా అనే మ్యూజియం స్థాపించాడు. మూడేళ్ల తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ శరీరశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రూయిష్ దగ్గర సీసాల్లో భద్రపరచిన పిండాలను, అవయవాలను 30,000 గిల్డర్లకు కొని తెచ్చాడు. అవయవలోపాలతో పుట్టిన శిశువుల, జంతువుల కళేబరాలను తెచ్చి ఇస్తే డబ్బు ముట్టజెబుతామని 1718లో ఫర్మానా ఇచ్చాడు. జనం భయపడి దూరంగా ఉండకూడదని ప్రవేశ రుసుము పెట్టలేదు సరికదా, వచ్చినవాళ్లకు కాఫీయో వోడ్కాయో పోయించేవాడు.

19వ శతాబ్దంలో ఇది వ్యాపారమైంది. న్యూయార్క్‌లో పి. టి. బార్నమ్ 1842లో ఫీజీ మత్స్యకన్య అంటూ ఒక ఎండిన ఆకారాన్ని చూపించి జనాన్ని రప్పించాడు. కోతి మొండేన్ని చేప తోకకు కుట్టి తయారుచేసిన సరుకది. లండన్‌లో మదామ్ టుస్సాడ్ మైనపు హంతకులకు విడిగా గది కట్టింది. కార్టూనిస్టు రాబర్ట్ రిప్లీ 1933లో షికాగో ప్రపంచ సంతలో తన వింతల శాల తెరిచాడు. దెయ్యాల వస్తువులకే ప్రత్యేకించిన మ్యూజియాలు ఆ తర్వాతి ముచ్చట. ఎడ్, లొరెయిన్ వారెన్ దంపతులు 1952లో అతీంద్రియ విషయాల పరిశోధనకు సంఘం పెట్టి, దెయ్యం ఉందన్న ఇళ్లకు వెళ్లి అక్కడి వస్తువులను తమ ఇంటి నేలమాళిగకు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ నేలమాళిగే మ్యూజియమైంది.

రెండు బొమ్మలు, ఒక పెట్టె, ఒక కుర్చీ

ఫ్లోరిడా రాష్ట్రం కీ వెస్ట్ దీవిలో ఈస్ట్ మార్టెల్లో అనే పాత కోట ఇప్పుడు మ్యూజియం. అందులో రాబర్ట్ అనే బొమ్మ గాజుపెట్టెలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. ఎత్తు సుమారు ఒక మీటరు. లోపల కూరింది చెక్క తురుము, పైన తెల్లని నావికుడి దుస్తులు, ఒళ్లో చిన్న కుక్కబొమ్మ. ముఖం మీది రంగు ఏనాడో రాలిపోయి అక్కడక్కడా గుంటలు, మచ్చలు మిగిలాయి. జర్మనీకి చెందిన స్టైఫ్ కంపెనీ తయారుచేసిన ఈ బొమ్మ 1904లో ఒట్టో కుటుంబంలోని పిల్లవాడికి కానుకగా వచ్చింది. ఆ పిల్లవాడు పెరిగి చిత్రకారుడై 1974లో చనిపోయేదాకా దాన్ని వదల్లేదు. చిన్నప్పుడు తాను చేసిన అల్లరంతా బొమ్మ మీదికి నెట్టేవాడని, తర్వాతి రోజుల్లో బొమ్మ మేడ మీద ఒక కిటికీ నుంచి మరో కిటికీకి మారుతూ కనబడేదని ఊరంతా చెప్పుకునేవారు. 1994లో అది మ్యూజియానికి చేరింది.

రాబర్ట్ ఫొటో తీయాలంటే ముందు అతణ్ణే అనుమతి అడగాలన్నది అక్కడి ఆచారం. అడగకుండా తీసి, ఇంటికి వెళ్లాక ఉద్యోగం పోయిందనో కాలు విరిగిందనో, తప్పు క్షమించమంటూ బొమ్మ పేరిట ఉత్తరం రాసేవాళ్లు ఏటా ఉంటారు. మ్యూజియంవాళ్లు వాటిలో కొన్నిటిని గాజుపెట్టె వెనక గోడకు అంటించారు. కొత్తగా వచ్చినవాళ్లు బొమ్మను చూసేది తక్కువ, ఆ ఉత్తరాలు చదివేది ఎక్కువ. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కుకూ ఇలాంటి టపా వస్తుంది. అక్కడ రాయిగా మారిన చెట్టుముక్కను జేబులో వేసుకుపోయి, కష్టాలు చుట్టుముట్టాక పార్సిల్ కట్టి వెనక్కి పంపేవాళ్లు చాలామంది.

తెలుగు ప్రేక్షకులకు రాబర్ట్ కన్నా బాగా తెలిసింది అనబెల్. వారెన్ దంపతుల కథనం ప్రకారం 1970లో ఒక నర్సింగ్ విద్యార్థినికి తల్లి కొనిచ్చిన బొమ్మ ఇది. చోట్లు మారుతూ, కాగితాల మీద రాతలు వదులుతూ వేధించిందట. 2013లో వచ్చిన కంజ్యూరింగ్ సినిమాలో పగిలిన బుగ్గలతో, గాజుకళ్లతో కనిపించే బొమ్మకూ అసలు బొమ్మకూ పోలికే లేదు. అసలుది ఎర్ర నూలు జుట్టు, గుడ్డ ఒళ్లు, త్రికోణపు ముక్కు ఉన్న రాగెడీ ఆన్ బొమ్మ. అలాంటివి అమెరికాలో లక్షల ఇళ్లలో ఉంటాయి. దాన్ని భయంకరం చేసింది చుట్టూ కట్టిన చెక్కపెట్టె, ముట్టవద్దన్న హెచ్చరిక పలక. నివాస ప్రాంతంలో మ్యూజియం నడపడంపై మున్సిపల్ నిబంధనల చిక్కు వచ్చి, ఈ బొమ్మ ఉన్న వారెన్ దంపతుల మ్యూజియం 2019లో మూతపడింది.

డిబ్బుక్ పెట్టె సంగతి ఇంకా ఆసక్తికరం. యూదుల నమ్మకంలో డిబ్బుక్ అంటే మనిషిని ఆవహించే ప్రేతాత్మ. 2003లో అమెరికాలో కెవిన్ మానిస్ అనే పాత సామాన్ల వ్యాపారి ఒక చిన్న చెక్క బీరువాను ఈబేలో వేలానికి పెట్టాడు. నాజీ మారణకాండ నుంచి బయటపడ్డ వృద్ధురాలి ఇంట్లో దొరికిందని, అందులో ప్రేతాత్మ ఉందని సుదీర్ఘమైన కథ జోడించాడు. ఆ కథ పుస్తకమైంది, 2012లో హాలీవుడ్ సినిమా అయింది. డిబ్బుక్ పెట్టె మలయాళంలో ఎజ్రా సినిమాలోకి, హిందీలో దాని రీమేక్‌లోకీ నడిచొచ్చింది. చివరకు పెట్టె లాస్ వేగస్ మ్యూజియం చేరి అక్కడి ముఖ్య ఆకర్షణ అయింది. కెన్నీ బిడిల్ అనే పరిశోధకుడు ఆరా తీస్తే, అది 20వ శతాబ్దం మధ్యలో న్యూయార్క్‌లో తయారైన మద్యం సీసాల బీరువా అని తేలింది. కథంతా తాను అల్లిందేనని మానిస్ 2021లో స్వయంగా ఒప్పుకున్నాడు. అయినా పెట్టెను చూసేందుకు వచ్చేవాళ్లు తగ్గలేదు.

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని థర్స్క్ పట్టణంలో ఒక కుర్చీ ఉంది. మామను చంపిన థామస్ బజ్బీ అనేవాణ్ణి 1702లో ఉరితీశారు. తన కుర్చీలో కూర్చున్నవాళ్లు బతకరని చచ్చేముందు శపించాడట. దగ్గర్లోని పబ్బులో ఆ కుర్చీ ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో పక్కనున్న వైమానిక స్థావరం నుంచి వచ్చి పందేనికి అందులో కూర్చున్న సైనికులు తిరిగి రాలేదని చెప్పుకున్నారు. బాంబర్ విమానాల్లో వెళ్లినవాళ్లలో తిరిగి రానివాళ్లు ఆ రోజుల్లో ఎటూ ఎక్కువే. పబ్బు యజమాని 1978లో కుర్చీని థర్స్క్ మ్యూజియానికి ఇస్తూ, ఎవరూ కూర్చోకుండా చూడమన్నాడు. అప్పటి నుంచి అది గోడకు ఎత్తున వేలాడుతోంది. తర్వాత ఫర్నిచర్ చరిత్రకారుడు ఆడమ్ బావెట్ పరిశీలించి, కుర్చీ కడ్డీలు యంత్రం మీద తిప్పినవని, అది 1840 ప్రాంతం నాటిదని తేల్చాడు. బజ్బీ పోయాక 138 ఏళ్లకు పుట్టిన కుర్చీ అన్నమాట. లార్డ్స్ మైదానాన్ని స్థాపించిన థామస్ లార్డ్ పుట్టిన ఇల్లే ఈ మ్యూజియం. అయినా క్రికెట్ కన్నా కుర్చీ గురించి అడిగేవాళ్లే అక్కడికి ఎక్కువ.

కొల్లూరు నుంచి వాషింగ్టన్‌కు ఒక శాపం

శాపగ్రస్తమైన వస్తువుల్లో బాగా ఖరీదైనదొకటి తెలుగు నేల నుంచే వెళ్లింది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న 45.52 క్యారెట్ల నీలి హోప్ వజ్రం కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని చరిత్రకారుల అభిప్రాయం. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోని ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే దాన్ని పట్టుకెళ్లి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఫ్రెంచి విప్లవ సమయంలో, 1792లో, ఆ రాయి దొంగలపాలైంది. దాన్నే చిన్నదిగా సానబెట్టిన రాయి తర్వాత లండన్‌లో తేలి, హోప్ అనే బ్యాంకరు చేతికొచ్చింది.

తావెర్నియే సీత విగ్రహం కంటి నుంచి దాన్ని పెకలించాడని, ఆ పాపానికి కుక్కలు పీక్కుతిన్నాయని కథ. నిజానికి ఆయన ఎనభై దాటేదాకా బతికి 1689లో మాస్కోలో కన్నుమూశాడు. నగల వ్యాపారి పియెర్ కార్టియే అమెరికా సంపన్నురాలు ఎవలిన్ మెక్‌లీన్‌కు వజ్రం అమ్మజూపినప్పుడు, ఇలాంటి కథలంటే ఆమెకున్న సరదా తెలిసినవాడు కాబట్టి శాపం కథను బాగా మసాలా దట్టించి చెప్పాడు. ఆమె 1911లో కొంది. తర్వాత కొడుకు కారు కింద పడి పోయాడు, భర్త మతి చలించి ఆసుపత్రిలో చనిపోయాడు. దాంతో కథకు సాక్ష్యం దొరికినట్టయింది. ఆమె తర్వాత కొన్న హ్యారీ విన్‌స్టన్ ఆ రాయిని తొమ్మిదేళ్లు ఊరూరా తిప్పి, 1958లో మ్యూజియానికి దానమిచ్చాడు. మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపడానికి బీమాతో కలిపి అయిన ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. విన్‌స్టన్ ఆ తర్వాత మరో ఇరవై ఏళ్లు నిక్షేపంగా జీవించాడు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్న సామెతకు ఆయన మంచి సాక్షి. మోసుకెళ్లిన పోస్ట్‌మన్‌కు కొన్నాళ్లకు ప్రమాదం జరిగితే మాత్రం పత్రికలు వెంటనే శాపాన్ని తవ్వి తీశాయి.

బ్రిటిష్ మ్యూజియంలోని దురదృష్టపు మమ్మీ కూడా ఇలాంటిదే. పేరుకు మమ్మీయే గాని అది క్రీస్తుపూర్వం 950 ప్రాంతపు చెక్క మూత మాత్రమే; అందులో శవం లేదు. టైటానిక్‌ను ముంచింది ఇదేనన్న పుకారు వందేళ్లుగా తిరుగుతోంది. 1889లో మ్యూజియానికి చేరిన ఆ చెక్క టైటానిక్ ఎక్కనే లేదు. ఎక్కినవాడు దాని గురించి కథలు చెప్పిన పాత్రికేయుడు విలియం స్టెడ్. ఓడలో భోజనాల దగ్గర ఆయన చెప్పిన కథను, బతికి బయటపడ్డ ప్రయాణికుడొకరు పత్రికలవాళ్లకు చేరవేశారు.

లోపలికి వెళితే

ఈ మ్యూజియాల్లో ప్రదర్శన గేటు దగ్గరే మొదలవుతుంది. టీవీ వ్యాఖ్యాత జాక్ బేగన్స్ 2017లో తెరిచిన లాస్ వేగస్ హాంటెడ్ మ్యూజియంలో, లోపల ఏం జరిగినా బాధ్యత తమది కాదన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. 1938లో కట్టిన ఆ భవంతిలో ముప్పైకి పైగా గదులు. గైడు వెంట చిన్న గుంపులుగా, మసక వెలుతురులో, ఇరుకు నడవల్లోంచి పోవాలి. దెయ్యాల కొంప అని పేరుపడ్డ ఇండియానా రాష్ట్రపు ఇంటిని బేగన్స్ 35,000 డాలర్లకు కొని 2016లో కూల్చేశాడు. దాని మెట్లు ఇక్కడున్నాయి. రోగులు కోరుకుంటే చనిపోవడానికి సాయపడ్డ డాక్టర్ జాక్ కెవోర్కియన్ పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాను కూడా ఇక్కడే ఉంది. దానికి ఏ కట్టుకథా అవసరం లేదు. కోర్టు రికార్డులే చాలు.

అన్నిచోట్లా ఇంత హంగామా ఉండదు. రోమ్‌లో టైబర్ నది ఒడ్డున ఒక చర్చి పక్క గదిలో, పాపప్రక్షాళన యాతనలో ఉన్న ఆత్మలు తాకగా పడ్డ వేళ్ల ముద్రలంటూ కాలిన ప్రార్థన పుస్తకాలను, గుడ్డలను గాజు వెనక పెట్టారు. టోక్యోలోని మెగురో పరాన్నజీవుల మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అక్కడ 8.8 మీటర్ల బద్దెపురుగు పక్కన అంతే పొడవున్న రిబ్బను వేలాడుతుంది. దాన్ని చేత్తో పట్టుకుని లాగుతూ పోతే, ఒక మనిషి కడుపులో ఎంత పొడవు పురుగు చుట్టుకుని ఉందో అర్థమవుతుంది.

ఒళ్లెందుకు జలదరిస్తుంది

చల్లగాలి తగిలింది, ఎవరో వెనక నిలబడ్డట్టుంది, కడుపులో తిప్పింది: సందర్శకులు చెప్పే అనుభవాలు దాదాపు ఇవే. ఇంజినీరు విక్ టాండీ తాను పనిచేసే ప్రయోగశాలలో కంటి కొసన బూడిదరంగు ఆకారం కనబడటం గమనించి, కారణం వెతికి, కొత్తగా బిగించిన ఫ్యాను నుంచి వచ్చే 19 హెర్ట్‌జ్ ధ్వనిని అనుమానించాడు. చెవికి వినబడనంత తక్కువ పౌనఃపున్యం అది. ఆయన వ్యాసం 1998లో వచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం లండన్ దగ్గరి హాంప్టన్ కోర్టులో, ఎడిన్‌బరో భూగర్భ గదుల్లో వందలమందిని తిప్పి 2003లో ఫలితాలు ప్రచురించింది. దెయ్యాలున్నాయని పేరున్న చోట్లే వింత అనుభవాలు ఎక్కువగా నమోదయ్యాయి. గది ఎంత పెద్దది, వెలుతురు ఎంత ఉంది అన్నవాటితో వాటికి సంబంధం కనబడింది.

వస్తువు మీది భయానికి వేరే మూలముంది. పాల్ రోజిన్, కరోల్ నెమెరాఫ్ చేసిన అధ్యయనాల్లో, హిట్లర్ తొడిగిన స్వెటర్ ఉతికి ఇచ్చినా తొడగడానికి చాలామంది ముందుకు రాలేదు. మనిషి గుణం తాకిన వస్తువుకు అంటుకుంటుందన్న ఆలోచన చదువుకున్నవాళ్లలోనూ అంత బలంగా ఉంటుంది. పోయినవాళ్ల మంచాన్ని, చెప్పులను ఇంట్లో వాడుకోకుండా దానమిచ్చేసే మన అలవాటులోనూ ఈ అంటు భావన కొంత ఉంది. దెయ్యాల మ్యూజియం అమ్మేది సరిగ్గా దీన్నే. అందుకే కథ అబద్ధమని తేలాక కూడా పెట్టె బరువు తగ్గదు.

ఎముకల సొంతదారులు

రెండో తెగ మ్యూజియాల్లో కూపీ లాగే కొద్దీ కథ పలచబడదు, చిక్కనవుతుంది. ఫిలడెల్ఫియా వైద్యుల కాలేజీకి థామస్ మ్యూటర్ 1858లో 1,700కు పైగా నమూనాలు, 30,000 డాలర్లు ఇవ్వడంతో పుట్టిన మ్యూజియం 1863లో తెరుచుకుంది. వియన్నా శరీరశాస్త్రవేత్త హిర్టల్ సేకరించిన 139 పుర్రెలు అక్కడ గోడ పొడవునా వరుసగా ఉంటాయి. చాలావాటి ఎముక మీదే పేరు, వయసు, ఊరు, చావుకు కారణం రాసి ఉంటాయి. డాక్టర్ షెవాలియర్ జాక్సన్ రోగుల గొంతుల నుంచి, ఊపిరితిత్తుల నుంచి బయటికి తీసిన రెండు వేలకు పైగా వస్తువులు సొరుగుల్లో సర్ది ఉన్నాయి. పిన్నీసులు, గుండీలు, నాణేలు, కట్టుడు పళ్లు, వేరుశనగ గింజలు.

అక్కడే హ్యారీ ఈస్ట్‌లాక్ అస్థిపంజరం ఉంది. కండరాలు క్రమంగా ఎముకగా మారే అరుదైన జబ్బుతో ఆయన 1973లో చనిపోతూ, పరిశోధనకు పనికొస్తుందని తన శరీరం ఇచ్చాడు. ఆ అస్థిపంజరాన్ని చూసిన అదే జబ్బు రోగి ఒకామె, తనదీ ఆ పక్కనే ఉంచమని కోరింది. తన నగలు కూడా పెట్టాలని షరతు విధించింది. 2019 నుంచి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, నగలతో సహా.

లండన్‌లో దీనికి పూర్తి వ్యతిరేకమైనది జరిగింది. ఏడున్నర అడుగులు దాటిన ఐరిష్ మహాకాయుడు చార్లెస్ బర్న్, వైద్యులు తన శవాన్ని కోస్తారన్న భయంతో, చనిపోయాక సముద్రంలో నిమజ్జనం చేయమని స్నేహితులను కోరాడు. 1783లో ఆయన పోగానే శస్త్రవైద్యుడు జాన్ హంటర్ డబ్బిచ్చి శవాన్ని చేజిక్కించుకున్నాడు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ అస్థిపంజరం హంటేరియన్ మ్యూజియంలో నిలబడింది. 2023లో మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు దాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు. పరిశోధన కోసమంటూ అట్టిపెట్టారే తప్ప సముద్రానికి అప్పగించలేదు.

ఈ గాలి అన్నిచోట్లా వీస్తోంది. బాస్‌కాసిల్ మ్యూజియంలో మంత్రగత్తెదని చూపించిన అస్థిపంజరాన్ని 1998లో పూడ్చిపెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో దక్షిణ అమెరికా కుదించిన తలలను ప్రదర్శన నుంచి తప్పించింది. బ్యాంకాక్ సిరిరాజ్ ఆసుపత్రి మ్యూజియంలో, హంతకుడని 1959లో మరణశిక్ష అమలైన సీ ఊయి శవం దశాబ్దాలపాటు గాజుపెట్టెలో ఉంది. అతను నిజంగా అన్ని హత్యలూ చేశాడా అన్న అనుమానాలు పెరిగి, 2020 జులైలో దహనం చేశారు. మ్యూటర్ కూడా 2023లో తన మానవ అవశేషాలపై సమీక్ష మొదలుపెట్టి ఆన్‌లైన్‌లోని తన వీడియోలను తొలగించింది. అభిమానులే దానికి ఎదురుతిరిగారు.

హైదరాబాద్, బెంగళూరు

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొని, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు కానుకగా ఇచ్చాడు. ఆయన 1930లో మ్యూజియానికి అందజేశాడు. స్కూలు పిల్లలు వరుసలు కట్టి చూసే ఈ మమ్మీ ఒక యువతిదని, పేరు నైషు అని చెబుతారు. అది పాడవుతున్నట్టు కనబడటంతో ఆక్సిజన్ చొరబడని పెట్టెలోకి మార్చారు.

బెంగళూరు నిమ్హాన్స్‌లోని మెదళ్ల మ్యూజియం మరో రకం. ప్రమాదాల్లో దెబ్బతిన్నవి, పక్షవాతం వచ్చినవి, బద్దెపురుగు గుడ్లు చేరి తిత్తులు కట్టినవి వందలాది మెదళ్లు అక్కడ సీసాల్లో, అచ్చుల్లో ఉన్నాయి. మరణించినవారి కుటుంబాల అనుమతితో సేకరించినవి ఇవి. విద్యార్థులే కాదు, మామూలు జనం కూడా వెళ్లవచ్చు. చేతి తొడుగులు వేసుకున్నవాళ్లకు భద్రపరచిన మెదడును చేతిలో పెట్టి, ఏ భాగం ఏ పని చేస్తుందో అక్కడి సిబ్బంది వివరిస్తారు.